గాజు ట్యూబు కోసం దివిసీమకు

ఆదోనిలో బయల్దేరేటప్పుడు మా ఆవిడ అడిగింది, ఈ వానల్లో కృష్ణా జిల్లాలో ఏం పని అని. గడ్డివాము చూడ్డానికి అన్నాను. జీవితమంతా దినపత్రికలో పనిచేసినవాడి మాట ఇంట్లో ఎవరూ నమ్మరు. ఆమె ఇంకేమీ అడక్కుండా సంచిలో గొడుగు పెట్టింది.

నేను చెప్పింది నిజమే. అంతకుముందు విజయవాడలో ఒక సభలో వసుంధర గారి ప్రసంగం విన్నాను. ఆవిడ గుడివాడలో ఒక కాలేజీలో భౌతికశాస్త్రం చెబుతారు. రక్తం గడ్డకట్టేటప్పుడు అందులో కంటికి కనిపించని పోగులు పుడతాయి. ఆ పోగులు ఎలా చిక్కుపడతాయి, చిక్కుపడ్డాక ఒకదాన్నొకటి రాసుకుంటూ ఎంత గట్టిగా పట్టుకుంటాయి, లాగితే ఎప్పుడు జారతాయి, ఎప్పుడు బిగుసుకుంటాయి అన్నది ఆవిడ పరిశోధన. నాకు సగమే అర్థమైంది. బయట టీ తాగుతూ ఆ మాటే అంటే, "గుడివాడ రండి సార్, గడ్డివాము దగ్గర నిలబెట్టి చెబుతాను" అన్నారు. అక్కణ్ణుంచి దివిసీమలో చిన్న పని ఉందనీ, ఓపికుంటే వెంట రావచ్చనీ అన్నారు. ఆ పనేమిటో అప్పుడు చెప్పలేదు.

గుడివాడ

బస్టాండు ఎదురుగా టిఫిన్ చేశాను. మా సీమలో బొరుగులతో చేసే ఉగ్గానీ, బజ్జీకి అలవాటుపడ్డ నోటికి ఇక్కడి ఇడ్లీ మీద పోసే నెయ్యి కొంచెం ఎక్కువే అనిపిస్తుంది. ప్లేటు నలభై రూపాయలు. వడ్డించేవాడు ఏ ఊరండీ అని అడిగి, ఆదోని అనగానే జాలిగా చూసి ఇంకో గరిటె పల్లీ చట్నీ వేశాడు. మా ఊళ్లో తిండి దొరకదని అతని నమ్మకంలా ఉంది.

వసుంధర గారు స్కూటీ మీద వచ్చి ఊరి బయటికి తీసుకెళ్లారు. రోడ్డుకు రెండువైపులా నీళ్లు నిలిచిన పొలాలు, వాటి నడుమ చేపల చెరువులు. మాకు నీళ్లు నిలబడితే పండగ. ఇక్కడ నీళ్లు నిలబడటం మామూలు, దిగడమే విశేషం. చెరువుగట్టు పక్కన పోయిన పంటనాటి గడ్డివాము ఒకటి వానకు నల్లబడి ఉంది. ఆవిడ అందులోంచి ఒక పరక లాగి నా చేతికిచ్చారు.

"మీ ఆదోని పత్తి పోగు ఎటు పడేస్తే అటు పడుంటుంది. మీ జొన్నచొప్ప వంచితే విరుగుతుంది. ఇది రెంటికీ మధ్యది. వంగుతుంది, వదిలితే లేవాలని చూస్తుంది. రక్తంలో పోగులూ ఈ జాతివే సార్."

జొన్నచొప్పను మేం కట్టలు కట్టి నిలబెడతాం. కట్టు తెగితే జారిపోతుంది. ఈ వాముకు కట్టు లేదు, ముడి లేదు. ఒక్కో పరక పక్క పరకలను ఒరుసుకుని ఉండటమే దాని బలం. ఆవిడ చెప్పినట్టు ఒక పరకను మెల్లగా లాగాను. పాములా జారి వచ్చేసింది. తర్వాత గుప్పెడు పట్టుకుని ఒక్క గుంజు గుంజాను. వాము ముఖమంతా బిగిసింది గానీ గడ్డి రాలేదు. నా చూపుడువేలు కోసుకుంది. అంతలో వాము గల ఆసామి గట్టు మీద నుంచి కేకేశాడు.

"ఏంటండీ మేడమ్ గారూ, పక్కనుంచి పీకుతారా వాముని? మా కోడలూ ఇంతే, వద్దన్నచోటే చెయ్యి పెడుతుంది."

మేం క్షమాపణ చెప్పుకుని ఇవతలికి వచ్చేసరికి నా వేలి నెత్తురు ఆగిపోయింది. ఇప్పుడు మీ వేలి మీద ఉన్నది చిన్న వాము అన్నారావిడ. పోగులు చిక్కుపడి, మధ్యలో రక్తకణాలు చేపల్లా ఇరుక్కుని, ఆ గండిని మూశాయట. గుండె కొట్టుకున్నప్పుడల్లా రక్తం తోస్తుంది. తోసినకొద్దీ ఆ అల్లిక ఇంకా బిగుస్తుందట.

స్కూటీ దగ్గరికి వచ్చాక అసలు పని చెప్పారు. రక్తపింజర కాటు వేస్తే దాని విషం ఈ పోగుల సరుకంతా ముందే తినేస్తుంది. చిక్కుపడటానికి ఏమీ మిగలదు. అందుకే పింజర కరిచిన మనిషి లోలోపల కారిపోతాడు. ఇది కనిపెట్టడానికి యంత్రాలేమీ అక్కర్లేదు. రోగి రక్తం కొంచెం శుభ్రమైన, పొడిగా ఉన్న గాజు ట్యూబులో పోసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి, అప్పుడు ఒక్కసారి వంచి చూడాలి. గడ్డకడితే ప్రస్తుతానికి గండం లేనట్టు, మళ్లీ కాసేపటికి చూడాలి. నీళ్లలా పారితే విరుగుడు మందు వెంటనే ఎక్కించాలి. కట్లపాము, నాగుపాము విషం నరాల మీద పనిచేస్తుంది కాబట్టి వాటికి ఈ పరీక్ష చాలదు. పింజరకు మాత్రం ఇదే దారి.

కీలకం గాజులో ఉంది. గాజు తగిలితేనే రక్తానికి గడ్డకట్టాలన్న కబురు గట్టిగా అందుతుంది. ప్లాస్టిక్ ట్యూబులో పోస్తే మంచి రక్తం కూడా చాలాసేపు నీళ్లలా ఉండిపోవచ్చు. అప్పుడు ఏ నీటిపాము కరిచినవాడికైనా విషం ఎక్కిందనుకుని మందు ఎక్కిస్తారు. ఉన్న మందు అలా అయిపోతుంది. నిజంగా పింజర కరిచినవాడు వచ్చేసరికి అలమర ఖాళీ.

"మా బావగారు వెళ్లేసరికి ఖాళీ" అన్నారు వసుంధర గారు, స్కూటీ తాళం తిప్పుతూ. "బందరు పెద్దాసుపత్రికి రాసిచ్చారు. చల్లపల్లి దాటలేదు."

ఆవిడ పని అదీ. దారిలో పోయిన ఆ బావగారికి మందు దొరకని ఆసుపత్రిలో గాజు ట్యూబులు పెట్టించడం.

బందరు

మర్నాడు రైల్లో మచిలీపట్నం చేరాం. బయట వాళ్లకు మచిలీపట్నం గానీ ఇక్కడ కండక్టరు దగ్గర్నుంచి కలెక్టరాఫీసు బంట్రోతు దాకా అందరికీ బందరే. పెట్టెలో ఎదుటి సీటాయన కైకలూరు చేపల వ్యాపారి. మమ్మల్ని తండ్రీ కూతుళ్లనుకుని, పిల్లకు ఇంకా పెళ్లి చేయలేదా బాబాయ్ గారూ అని నన్ను నిలదీశాడు. ఇద్దరు పిల్లల తల్లయిన వసుంధర గారు కిటికీలోంచి బయటికి చూస్తూ నవ్వుకున్నారు.

ముందు ఒక కార్యాలయానికి వెళ్లాం. ఏ కార్యాలయమో చెప్పినందువల్ల ప్రయోజనం లేదు, ఆ గదిలో రేపు ఇంకొకాయన ఉంటాడు. అక్కడి అధికారి మర్యాదస్తుడు. కూర్చోమన్నాడు, విన్నాడు, తల పంకించాడు. తర్వాత ఆయన చెప్పినదాని సారాంశం ఇది: దివిసీమలో పాముకాటు మరణాలకు కారణం జనం మూఢత్వం, వాళ్లు ముందు మంత్రగాడి దగ్గరికి వెళ్లి ఆఖరి నిమిషంలో ఆసుపత్రికి వస్తారు, అందుకని అవగాహన సదస్సులు పెడుతున్నాం, ఫ్లెక్సీలు కూడా వేయించాం. ట్యూబుల మాట వసుంధర గారు మళ్లీ ఎత్తారు. గాజు పగులుతుంది, సిబ్బంది చేతులు కోసుకుంటాయి, కాబట్టి వార్డుల్లో గాజు తగ్గించి ప్లాస్టిక్ వాడమని పైనుంచి ఆదేశం ఉంది అన్నాడు. ఆ ప్లాస్టిక్ ట్యూబులు ల్యాబుకు రక్తం పంపడానికే తప్ప ఈ పరీక్షకు కాదని ఆవిడ ఓపిగ్గా చెప్పారు.

"కాలం మారిందమ్మా. ఇప్పుడు అన్నీ ప్లాస్టిక్కే కదా" అన్నాడాయన.

ఆ సమయానికి మాకు టీ వచ్చింది. గాజు గ్లాసుల్లో.

నా ఉద్యోగంలో ఇలాంటి గదులు ఎన్నో చూశాను. దబాయించే అధికారి మీద కోపం వచ్చి పోతుంది. ఈ మర్యాదస్తుడి మీద వచ్చిన కోపం మాత్రం ఆదోని చేరాక కూడా తగ్గలేదు. తన బల్ల మీద ఉన్న గ్లాసు పగలదని నమ్మకం, నర్సు చేతిలో ఉన్నది పగిలి తీరుతుందని నమ్మకం. చదువులేని జనం అన్న ఒక్క మాటతో తన అలమర ఖాళీ ఎందుకైందో చూసుకోవలసిన పని తప్పిపోయింది. ఫ్లెక్సీకి డబ్బుంది. ట్యూబుకు లేదు.

బయటపడి కోనేరు సెంటరు చుట్టుపక్కల మందుల దుకాణాలన్నీ తిరిగాం. అందరి దగ్గరా ప్లాస్టిక్కే. చివరికి ఒక సందులో స్కూళ్లకూ కాలేజీలకూ ప్రయోగశాల సామాను అమ్మే పాత కొట్టు దొరికింది. యజమాని కరీముల్లా గారు తెల్లగడ్డం పెద్దమనిషి. గాజు ట్యూబులు అనగానే, "పాముకా అమ్మా?" అని అడిగారు. ఒకప్పుడు ఆసుపత్రుల వాళ్లు వచ్చి కొనేవారనీ, ఇప్పుడు పిల్లల ప్రాక్టికల్స్ అప్పుడు తప్ప ఎవరూ రావడం లేదనీ చెప్పారు. పెట్టె తీయిస్తాను, ఈలోగా హల్వా తినమన్నారు. బందరు హల్వా నల్లగా, నేతిలో మునిగి, నాలుక మీద జారిపోతూ ఉంటుంది. మా వైపు మిఠాయి అంటే పళ్లకు పని చెప్పాలి.

మేం రెండో ముక్కలో ఉండగా లోపలి నుంచి ట్యూబులు వచ్చాయి. తళతళలాడుతున్నాయి. ఇంటికొచ్చిన ఆడపడుచుకు దుమ్ముకొట్టిన సామాను ఇస్తే మర్యాద కాదని, ఆయన వాటిని సబ్బునీళ్లతో కడిగించి, తుడిపించి పంపించారు. వసుంధర గారు తల పట్టుకున్నారు. సబ్బు పొర అంటిన గాజూ ప్లాస్టిక్ లాగానే రక్తాన్ని మోసం చేస్తుందట. ఆ మాట చెప్పడానికి ఆవిడకు నోరు రాలేదు. చివరికి నేనే చెప్పాను.

కరీముల్లా గారి ముఖం చిన్నబోయింది. కాసేపు గడ్డం నిమురుకుని, లోపలికి వెళ్లి, తాడు కూడా విప్పని ఇంకో పెట్టె స్వయంగా మోసుకొచ్చారు. మొదటి పెట్టెకు రూపాయి కూడా తీసుకోనన్నారు. రెండోదానికి బేరం ఆడబోతే, "పాముకాటు మందుకు బేరమాడితే నాకు నిద్రపట్టదు బాబూ, రాసి ఉన్నదే ఇవ్వండి" అన్నారు. ట్యూబు పదిహేను రూపాయలు.

మోపిదేవి

ఆ మర్నాడు దివిసీమ బస్సెక్కాం. పెట్టె నా ఒళ్లో. గుంత వచ్చినప్పుడల్లా నేను లేచి నిలబడుతుంటే, ఏముంది బాబాయ్ గారూ అందులో, కోడిగుడ్లా అని కండక్టరు వెక్కిరించాడు.

మోపిదేవి గుళ్లో వసుంధర గారి అక్క రాజేశ్వరి గారు మా కోసం ఎదురుచూస్తున్నారు. అక్కడ సుబ్రహ్మణ్యస్వామికి పూజ, పుట్టలో పాలు. చెవులు కుట్టించడానికి పసిపిల్లల్ని తెచ్చినవాళ్లు, పెళ్లి కుదరాలని వచ్చినవాళ్లు, వరస కదలడం లేదు. మా వైపు నాగులచవితి నాడు పుట్ట దగ్గరికి వెళ్లి వచ్చేస్తాం. ఇక్కడ రోజూ చవితే.

భర్తను పాము తీసుకుపోయిన మనిషి పుట్టలో పాలు పోయడం నాకు వింతగా తోచింది. అడగడం బాగుండదని ఊరుకున్నాను. ఆవిడకే తెలిసిపోయినట్టుంది. గట్టు మీద పులిహోర పొట్లాలు విప్పి మాకు పెడుతూ, పాము మీద నాకు కోపం లేదండీ, దాని మీద కాలేసింది మా ఆయనే అన్నారు. పోయిన మర్నాడు ఎవరో పత్రికవాళ్లు ఫోను చేసి వివరాలు అడిగారట. తర్వాత చూస్తే, నాటువైద్యం కోసం ఆలస్యం చేసినందువల్ల రైతు మృతి అని వచ్చిందట.

"ఆయన మంత్రగాడి గుమ్మం తొక్కలేదు. కాలికి గుడ్డ కూడా కట్టకుండా, కదలకుండా కూర్చుని, మా మరిది బండి మీద సరాసరి ఆసుపత్రికే వెళ్లాడు. అన్నీ ఆసుపత్రి బోర్డు మీద రాసినట్టే చేశాడండీ."

బందరు అధికారి మాట, పత్రిక మాట ఒకటే. రెండింటిలోనూ చచ్చిపోయినవాడిదే తప్పు.

దివిసీమలో

ఆసుపత్రికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. వార్డులో ఒక మంచం చుట్టూ పదిమంది. మంచం మీద దుర్గ అనే కూలీ మనిషి. కలుపు తీస్తుంటే మడమ పక్కన ఏదో కరిచింది. గడ్డిలోకి దూరిపోతుంటే తోక మాత్రం చూశారట. ఆమె భర్త నాంచారయ్య పింజరే అంటాడు, మేనత్త కాదంటుంది. కాలు కొంచెం ఉబ్బింది. చిగుళ్లలో నెత్తురు లేదు.

అప్పటికే ఆమె రక్తం ప్లాస్టిక్ ట్యూబులో పోశారు. అది గడ్డకట్టలేదు. ఇంకో సంగతి, ఆ ట్యూబు చేతులు మారుతూ ఉంది. సౌభాగ్యం అనే పెద్ద నర్సు దాన్ని అరచేతిలో వెచ్చగా పట్టుకుని, చుట్టాలు అడిగినప్పుడల్లా వంచి చూపిస్తోంది. అదేమీ నిర్లక్ష్యం కాదు, జాలి. ఆత్రంగా అడిగేవాళ్లకు చూపించకపోతే ఏదో దాస్తున్నారనుకుంటారని.

డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు గారు మందు సీసాలు బల్ల మీద పెట్టించారు. ఉన్నవి కొన్నే. అవి మొదలుపెట్టి మిగతా వైద్యానికి బందరు పంపిస్తానన్నారు. బయట అంబులెన్సు తిప్పి నిలబెట్టారు. ఆ మందు కొందరికి పడదు, ఒళ్లు దద్దుర్లెక్కి ఊపిరాడని సందర్భాలున్నాయి. నడి దారిలో అలా అయితే దుర్గకు దిక్కెవరు? అక్కర్లేని మనిషికి ఎక్కిస్తే, సాయంత్రం ఇంకెవరైనా వస్తే వాళ్లకు దిక్కేమిటి?

వసుంధర గారు ముందుకెళ్లి, నేను వైద్యురాలిని కాను, ఒక్కసారి గాజులో చూడండి అని పెట్టె తెరిచారు. డాక్టరు గారికి ఆ విషయం తెలుసు. పుస్తకంలో గాజనే చదివానన్నారు, ఇక్కడ ఎప్పుడూ ఇవ్వలేదన్నారు. అయినా తటపటాయించారు.

"ఇరవై నిమిషాలు ఆగాలి మేడమ్. నిజంగా పింజరైతే ఆ ఇరవై నిమిషాలు ఎవరివి?"

నాంచారయ్య ఒకసారి వసుంధర గారి వంకా ఒకసారి డాక్టరు వంకా చూస్తూ నిలబడ్డాడు. చివరికి డాక్టరు గారే తేల్చుకున్నారు. సెలైను పెట్టి, మందు సిద్ధంగా ఉంచి, చిగుళ్లలో గానీ మరెక్కడ గానీ నెత్తురు కనిపిస్తే ఆ క్షణమే మొదలుపెడతానని చెప్పి, గాజు ట్యూబులో రక్తం తీయించారు. ట్యూబును స్టాండులో నిలబెట్టారు.

ఆ ఇరవై నిమిషాలూ ఎవరూ సరిగ్గా కూర్చోలేదు. మేనత్త రెండుసార్లు ట్యూబు వైపు చెయ్యి చాచింది. మొదటిసారి వసుంధర గారు, లోపల పోగులు ఇప్పుడిప్పుడే ఒకదాన్నొకటి పట్టుకుంటున్నాయని, కదిపితే అల్లిక తెగుతుందని చెప్పబోయారు. ఆమె వినిపించుకోలేదు. రెండోసారి సౌభాగ్యం సిస్టరే అడ్డుపడింది.

"పాలు తోడేసిన గిన్నె కదుపుతావా పిన్నీ మీ ఇంట్లో? ఇదీ అంతే. ముట్టుకున్నావంటే నీకూ సూది పొడుస్తా."

అంతవరకూ తానే ఆ ట్యూబును వంచి వంచి చూపించిన మనిషి. దుర్గ మంచం మీది నుంచి నవ్వింది. ఆమె నవ్వుతుంటే చిగుళ్లకేసి మేమందరం ఒకేసారి చూశాం. శుభ్రంగా ఉన్నాయి.

సమయం కాగానే సిస్టర్ ట్యూబు తీసి వంచింది. రక్తం కదల్లేదు. తలకిందులు చేసింది. అప్పుడూ కదల్లేదు, జున్నుముక్కలా అంటుకుని ఉంది. మంచిదా చెడ్డదా అని నాంచారయ్య అడిగాడు. మంచిదే అన్నారు డాక్టరు గారు, సీసాలు మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టమని చెబుతూ. అంబులెన్సు వెళ్లిపోయింది. తర్వాత వరుసగా తీసిన రక్తమూ గాజులో గడ్డకట్టింది. మర్నాడు పొద్దున్నకల్లా కాలి వాపు తగ్గి, దుర్గ ఉప్మా తింటూ, తను లేక కలుపు ఎంత మిగిలిపోయిందోనని భర్తను తిడుతోంది.

మేం సెలవు తీసుకోవడానికి వెళ్లిన సమయానికి ఆసుపత్రి పెద్దాయన రౌండ్స్‌కు వచ్చాడు. ముందురోజు సంగతి ఆయన చెవిన పడింది. దుర్గ వైపు చూడనైనా చూడలేదు. సరఫరాలో లేని వస్తువు వార్డులో ఎలా ఉందని అడిగాడు. డాక్టరు గారు ఏదో చెప్పబోతే, తనిఖీలో ఎవరు జవాబిస్తారు, మీరా అన్నాడు. ఆ గాజు సామాను వెంటనే బయటికి పంపమన్నాడు. వసుంధర గారి ముఖంలో నెత్తురు చుక్క లేదు. బావగారికి మందు దొరకని వార్డులో, కళ్లెదుట అదే మందు మిగిలిన మర్నాడే, కథ మళ్లీ మొదటికి వచ్చింది.

సౌభాగ్యం సిస్టర్ ముందుకొచ్చింది.

"ఇంకెక్కడి గాజండీ. నిన్న నా చేయిజారి పెట్టె పెట్టంతా పగిలింది. ఊడ్చి పారేశాను."

పెద్దాయన ముఖం విప్పారింది. "నేను చెప్పలా? గాజంటే ఇంతేనమ్మా" అని, కుర్ర డాక్టరు వైపు ఒక చూపు చూసి, పక్క వార్డుకు వెళ్లిపోయాడు.

ఆయన అడుగుల చప్పుడు ఆగాక సిస్టర్ దూది డబ్బా మూత కొంచెం ఎత్తి వసుంధర గారికి చూపించింది. నిండా ట్యూబులు, ఒక్కటీ పగల్లేదు. వాటిని ఎవరూ సబ్బుతో కడక్కుండా ఆ డబ్బా ఉండే అలమర తాళం తన దగ్గరే ఉంచుకుంటానంది. నాకు ఆనందమూ కలిగింది, ఒళ్లూ మండింది. ఒక మంచి పరీక్ష చేయడానికి ఇరవై నిమిషాల ఓర్పు చాలదు, అబద్ధం కూడా ఆడాలి. పైగా ఆ అబద్ధం గాజు పగులుతుందన్న ఆయన వాదానికి ఇంకో సాక్ష్యమై కూర్చుంది.

గేటు దాకా వచ్చి సిస్టర్ నన్ను ఆపింది. "మీరు పేపరాయన కదా బాబాయ్ గారూ. ఊరి పేరు వేయకండి. మెచ్చుకుంటూ రాసినా సరే, మర్నాడే ఎవరో ఒకరు వచ్చి డబ్బాలు తెరిపిస్తారు."

ఎక్కడ జరిగిందో చెప్పని వార్త వార్తే కాదని నాకు మొదటిరోజు నేర్పారు. కొత్తగా వచ్చినవాళ్లకు నేనూ అదే నేర్పాను. ఈసారి ఆ పేరు రాయడం లేదు, అక్కడి మనుషుల పేర్లూ ట్యూబులు దాచిన చోటూ మార్చే రాశాను. ఆ ఆసుపత్రి ఏదో మీకు తెలియదు కాబట్టి, దివిసీమలో గానీ మరెక్కడ గానీ పాముకాటుకు మీవాళ్లను తీసుకెళ్లిన ప్రతిచోటా అడగండి. రక్తం గాజులో పోశారా, ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచారా అని. విసుక్కుంటారు. అయినా అడగండి.